రిటైరైతే ఇల్లు ఎవరిది? బొగ్గు పట్నాల్లో కాలనీ, బస్తీల లెక్క

మా నానా గోదావరిఖనిలో బొగ్గు బాయిల పనిచేసిండు. కోల్‌ఫిల్లర్. తట్టతో బొగ్గు ఎత్తి టబ్బుల్లో నింపే పని. కంపెనీ ఆయనకు క్వార్టర్ ఇచ్చింది. రెండు గదులు, వంటిల్లు, వెనక చిన్న దొడ్డి. నల్లా నీళ్లు, కరెంటు అన్నీ కంపెనీవే. మా దాదా అదే ఊళ్లో దర్జీ. ఆయన పేరు ఏ మస్టర్‌లోనూ లేదు, కాబట్టి క్వార్టర్ కూడా లేదు. కాలనీ గోడ అవతల, బస్తీలో చిన్న జాగా కొనుక్కున్నాడు. స్టాంపు కాగితం మీద రాసుకున్న కొనుగోలు. మొదట తడకల గుడిసె, తర్వాత పెంకుటిల్లు, ఆ తర్వాత స్లాబు.

అమ్మీకి అబ్బా సంబంధం వచ్చినప్పుడు మా నానీ ఒప్పుకోలేదట. "క్వార్టర్ల పెరిగిన పిల్లను గోడ దాటించి బస్తీకి ఎట్ల ఇస్తం?" అన్నదట. పెళ్లైతే అయింది. 2004లో నానా రిటైరైండు. రూల్ ప్రకారం క్వార్టర్ ఖాళీ చేసిండు. అప్పుడు నేను రెండో తరగతి. సామాన్లన్నీ ఒక ట్రాలీ ఆటోలో ఎక్కించి, అదే గోడ దాటి, మా ఇంటి పక్క సందులో కిరాయి ఇంట్లో దింపినం. మూడు దశాబ్దాలు ఉన్న ఇల్లు ఒక్క పూటలో వేరేవాళ్లది అయిపోయింది.

దాదా ఇల్లు ఇప్పటికీ ఉంది. మేం అందులోనే ఉంటున్నం. దానికి పట్టా మాత్రం లేదు.

ఒకరికి ఇల్లుండె, హక్కు లేకుండె. ఇంకొకరికి కబ్జా ఉండె, కాగితం లేకుండె. గోదావరిఖని, మందమర్రి, రామకృష్ణాపూర్, శ్రీరాంపూర్, బెల్లంపల్లి, కాగజ్‌నగర్... పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పారిశ్రామిక పట్నాల్లో మన కుటుంబాలు చాలావరకు ఈ రెంటిలో ఏదో ఒక దాంట్లో ఉన్నయ్. ఈ పరిస్థితి ఎట్ల వచ్చింది, ఇప్పుడు మన చేతిలో ఉండాల్సిన కాగితం ఏది అనేదే ఈ వ్యాసం.

కాలనీ అనే ఆలోచన ఎక్కడిది?

కార్మికులకు వరుస ఇళ్లు, మధ్యలో బడి, దవాఖాన, గ్రౌండ్. ఇది మన దగ్గర పుట్టింది కాదు. ఇంగ్లండ్‌లో ఫ్యాక్టరీలు వచ్చాక కూలీలు ఇరుకు సందుల్లో, మురికిలో బతికేవాళ్లు. 1898లో ఎబనేజర్ హోవర్డ్ అనే ఆయన "తోట నగరం" ఆలోచన రాసిండు. ఊరు మరీ పెద్దగా ఉండొద్దు, ఇళ్ల మధ్య చెట్లుండాలె, పని దగ్గర్లో ఉండాలె అన్నది దాని సారం.

తర్వాత 1933లో యూరప్ ఆర్కిటెక్టులు కొందరు మార్సెయ్ నుంచి ఏథెన్స్‌కు ఓడలో పోతూ సభ పెట్టుకున్నరు. నగరం అంటే నాలుగు పనులు అని తేల్చిండ్రు. ఉండడం, పనిచేయడం, సేదతీరడం, తిరగడం. ఈ నాలుగింటికీ వేర్వేరు చోట్లు గీయాలని వాళ్ల వాదన. ఆ గుంపులో ముఖ్యుడు లె కార్బూజియే. మనకు ఆయన చండీగఢ్ ప్లాను గీసిన మనిషిగా తెలుసు. 1951 నుంచి ఆయన ఆ పని చేసిండు. చండీగఢ్‌లో సెక్టార్ అనే మాట ఆ ప్లానులోదే.

రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకు యూరప్ నగరాలు కూలిపోయినయ్. యుద్ధం అయ్యాక ప్రభుత్వాలే పెద్దఎత్తున ఇళ్లు కట్టడం మొదలుపెట్టినయ్. పాత మురికివాడలు కూల్చి, వాటి చోట కొత్త భవనాలు లేపిండ్రు. ఇంగ్లండ్‌లో ఉక్కు పట్నం షెఫీల్డ్ దానికి మంచి ఉదాహరణ. దాని సంగతి ముందు ముందు చెప్తా.

ఇండియాలో ఆ గాలి కంపెనీ పట్నాల ద్వారా వచ్చింది. హిట్లర్ కాలంలో జర్మనీ వదిలి వచ్చిన ఆటో కోనిగ్స్‌బర్గర్ అనే ఆర్కిటెక్టు 1940లలో టాటా వాళ్ల జంషెడ్‌పూర్‌కు ప్లాను తయారుచేసిండు. 1948లో భువనేశ్వర్‌కూ ఆయనదే ప్లాను. తర్వాత భిలాయి, రూర్కెలా, దుర్గాపూర్ ఉక్కు పట్నాలు వచ్చినయ్. 1947లో కేంద్రం బొగ్గు గని కార్మికుల సంక్షేమ నిధి చట్టం చేసింది. బొగ్గు మీద సెస్ వసూలు చేసి, అందులో కొంత కార్మికుల ఇళ్లకు ఖర్చు పెట్టాలని అందులో ఉంది. 1952లో పారిశ్రామిక కార్మికుల ఇళ్లకు సబ్సిడీ ఇచ్చే స్కీము వచ్చింది.

నిజాం రాజ్యానికి ఈ పని కొత్త కాదు. 1908లో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచేసిన తర్వాత, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టిండ్రు. రోడ్లు వెడల్పు చేయడం, ఇరుకు మొహల్లాలు తీసి కొత్త ఇళ్లు కట్టడం దాని పని. మల్లేపల్లి లాంటి చోట్ల బోర్డు కట్టిన వరుస ఇళ్లు అప్పటివే.

మన వైపు ఎట్ల వచ్చింది?

సింగరేణి బొగ్గు మొదట ఖమ్మం వైపు ఇల్లెందు దగ్గర దొరికింది. సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో 1920లో ఏర్పడింది. 1920ల చివర్లో బెల్లంపల్లి ప్రాంతంలో గనులు మొదలైనయ్. అదే టైములో, 1929 నాటికి కాజీపేట నుంచి బల్లార్షా దాకా రైలు లైను పూర్తయింది. గని, రైలు రెండూ వచ్చేసరికి అడవిలో పట్నం లేచింది. 1945లో నిజాం సర్కారు కంపెనీలో మెజారిటీ వాటా కొన్నది. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది.

ఉత్తరాన కొత్తపేట అనే పల్లె దగ్గర సిర్పూర్ పేపర్ మిల్లు వచ్చింది. 1942లో కాగితం తయారీ మొదలైంది. ఊరి పేరే కాగజ్‌నగర్ అయింది. ఉర్దూ తెలిసినోళ్లకు ఆ పేరు విడమర్చి చెప్పనక్కర్లేదు. మంచిర్యాలలో సిమెంట్ ఫ్యాక్టరీ వచ్చింది.

1960లలో గోదావరి ఇటు ఒడ్డున గోదావరిఖని, అటు ఒడ్డున మందమర్రి, రామకృష్ణాపూర్ గనులు పెరిగినయ్. రామగుండంలో ఎరువుల ఫ్యాక్టరీ 1980లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఎన్టీపీసీకి 1978లో శంకుస్థాపన జరిగింది, 1983లో మొదటి యూనిట్ నడిచింది. అంటే ఇరవై ఏళ్లలో పది, పదిహేను కిలోమీటర్ల లోపలే గనులు, ఎరువులు, కరెంటు అనే మూడు పరిశ్రమలు వచ్చినయ్. ఒక్కోదానికి ఒక్కో టౌన్‌షిప్. రామగుండం మ్యాపు చూస్తే ఒక ఊరు లాగా అనిపించదు. నాలుగైదు కాలనీలు, వాటి మధ్యలో సందులన్నీ నింపిన బస్తీలు. 2009లో అది మున్సిపల్ కార్పొరేషన్ అయింది.

కాలనీలో ఇల్లు ఎట్ల లెక్క కట్టిండ్రు?

కంపెనీ కాలనీలో ఇల్లు మనిషికి ఇవ్వరు, ఉద్యోగానికి ఇస్తరు. ఇది అర్థమైతే మిగతా కథంతా అర్థమైతది. కార్మికునికి ఒక టైపు, సూపర్‌వైజర్‌కు ఒక టైపు, ఆఫీసర్‌కు బంగ్లా. గ్రేడ్ పెరిగితే ఇల్లు పెరుగుతది. ఇంట్లో ఎంతమంది ఉన్నరు, అమ్మానాన్నలు ఉన్నరా, పెళ్లి కావాల్సిన చెల్లెళ్లు ఎంతమంది అన్నది ఆ లెక్కలో లేదు. అందుకే ప్రతి క్వార్టర్ ముందు ఒక రేకుల షెడ్డు, వెనక దొడ్డిలో ఒక అదనపు గది కనిపిస్తది. ప్లానులో లేని కుటుంబం ఆ రేకుల కింద సర్దుకుంది.

మంచి కూడా చెప్పాలె. ఆ రోజుల్లో పల్లెల నుంచి వచ్చిన వాళ్లకు నల్లా నీళ్లు, పక్కా ఇల్లు, కంపెనీ దవాఖాన దొరకడం చిన్న విషయం కాదు. మా అమ్మీ తరం ఆడపిల్లలు చదువుకున్నరంటే కాలనీలో నడిచిపోయే దూరంలో బడి ఉండడం ఒక కారణం. రంజాన్‌లో మొదటి షిఫ్టు దిగి వచ్చినోళ్లకు ఇఫ్తార్ పళ్లెం పక్క క్వార్టర్ నుంచి వచ్చేదని నానీ ఇప్పటికీ చెప్తది. ఆ పక్క క్వార్టర్ ఒక యాదవుల ఇల్లు. దసరాకు మా ఇంటి నుంచి వాళ్లకు సేమియా పోయేది. వరుస ఇళ్లల్లో గోడ ఒక్కటే. గోడ ఇటు పక్క దగ్గితే అటు పక్క వినిపించేది.

ప్లానులో లేనోళ్లు ఎవరు?

గని నడవాలంటే గనిలో దిగేటోళ్లు ఒక్కరే చాలరు. బట్టలు కుట్టేటోళ్లు, మాంసం కొట్టేటోళ్లు, సైకిల్ పంక్చర్ వేసేటోళ్లు, ఛాయ్ హోటల్ నడిపేటోళ్లు, లారీ మెకానిక్కులు, గాజులు అమ్మేటోళ్లు కావాలె. కంపెనీ ప్లానులో వీళ్లకు ఇల్లు లేదు. తర్వాత వచ్చిన కాంట్రాక్టు కార్మికులకూ అంతే. మనోళ్లలో చాలామంది ఈ పనుల్లోనే ఉన్నరు కాబట్టి, కాలనీ కంటే బస్తీలోనే మన ఇళ్లు ఎక్కువ.

బస్తీ అంటే కాలనీకి శత్రువు అన్నట్టు ఆఫీసర్లు చూసేవాళ్లు. నిజానికి కాలనీకి పుట్టిన బిడ్డే బస్తీ. కాలనీ గీసినోళ్లు వదిలేసిన పనులన్నీ బస్తీలో జరిగినయ్. జీతం రోజున కాలనీ అంతా బస్తీ బజార్లోనే ఉండేది. చండీగఢ్‌లోనూ ఇదే జరిగింది. నగరం కట్టడానికి వచ్చిన కూలీలకు ప్లానులో చోటు లేదు, వాళ్లు గుడిసెలు వేసుకున్నరు, తర్వాత వాళ్లను ఒక చోటి నుంచి ఇంకో చోటికి తరలించుకుంటూ పోయిండ్రు.

మన దగ్గర ఆ గుడిసెలు చాలావరకు కంపెనీకి లీజు ఉన్న భూమి మీదనో, ప్రభుత్వ భూమి మీదనో లేచినయ్. ఎవరూ పెద్దగా అడ్డం చెప్పలేదు, ఎవరూ కాగితం కూడా ఇవ్వలేదు. మున్సిపాలిటీ నల్లా ఇచ్చింది, కరెంటోళ్లు మీటరు పెట్టిండ్రు, ఇంటి పన్ను కట్టించుకున్నరు. దాంతో "ఇల్లు మనదే" అనే ధీమా వచ్చేసింది.

పని పోతే పట్నం ఏమైతది?

ఉద్యోగానికి కట్టిన ఊరు, ఉద్యోగాలు తగ్గితే ఏమైతది అన్నది ప్రపంచమంతా చూసిన సమస్య. అమెరికాలో సెయింట్ లూయీ అనే పారిశ్రామిక నగరంలో 1954లో ప్రూయిట్ ఐగో అని 33 భవనాల కాలనీ తెరిచిండ్రు. ఒక్కోటి 11 అంతస్తులు. రిపేర్ల ఖర్చు అద్దెల నుంచే రావాలని లెక్క. కానీ నగరం ఖాళీ అవుతూ పోయింది. 1950లో 8.5 లక్షలున్న జనాభా 1970 నాటికి 6.2 లక్షలకు పడిపోయింది. ఇళ్లు నిండలేదు, అద్దెలు రాలేదు, లిఫ్టులు, పైపులు బాగుచేయలేదు. 1972లో కూల్చడం మొదలుపెట్టి నాలుగేళ్లలో అంతా నేలమట్టం చేసిండ్రు. డిజైన్ బాగాలేదని చాలామంది తిట్టిండ్రు. బిల్డింగ్‌ను నడిపే డబ్బు ఎక్కడి నుంచి వస్తదో ముందే చూసుకోకపోవడం అసలు దెబ్బ. కామర్స్ చదివినోడిగా నాకు అదే కనిపిస్తది.

ఇప్పుడు మన వైపు చూడండి. 1975లో రామగుండంలో సింగరేణి మొదటి ఓపెన్‌కాస్ట్ మొదలైంది. ఓపెన్‌కాస్ట్‌లో మిషన్లు ఎక్కువ, మనుషులు తక్కువ. 1990ల మొదట్లో కంపెనీలో లక్షా పదివేల మందికి పైగా ఉండేవాళ్లు. ఇప్పుడు 40 వేల చుట్టూ ఉన్నరు. ఎరువుల ఫ్యాక్టరీ 1999లో మూతపడింది. ఆ టౌన్‌షిప్ ఖాళీ అయింది. 2021లో కొత్త కంపెనీ పేరుతో ఫ్యాక్టరీ మళ్లీ నడిచింది, కానీ కొత్త ప్లాంటుకు పాతంత మంది అవసరం లేదు. కాగజ్‌నగర్ పేపర్ మిల్లు 2014లో ఆగిపోయింది, 2018లో వేరే యాజమాన్యం తీసుకున్నది. బెల్లంపల్లిలో పాత అండర్‌గ్రౌండ్ గనులు ఒక్కోటి మూతపడ్డయ్. 2001, 2011 జనాభా లెక్కల మధ్య ఆ పట్నం జనాభా తగ్గింది. దేశంలో పట్నాలన్నీ పెరుగుతుంటే ఈ పట్నం చిన్నదైంది.

ఇంకో దిక్కు ఓపెన్‌కాస్ట్ ఊళ్ల దగ్గరికి జరుగుతోంది. అండర్‌గ్రౌండ్ గని ఊరి కింద నడిచేది, ఓపెన్‌కాస్ట్ ఊరినే అడుగుతది. బ్లాస్టింగ్ టైముకు గోడలు అదురుతయ్. అంటే కాలనీకి ఉద్యోగం భయం, బస్తీకి కాగితం భయం, చుట్టుపక్కల పల్లెలకు భూమి భయం.

షెఫీల్డ్ వాళ్లు ఒకటి బాగా చేసిండ్రు, ఒకటి చెడగొట్టిండ్రు

గోదావరిఖని గనులు మొదలైన కాలంలోనే, 1961లో షెఫీల్డ్‌లో పార్క్ హిల్ అనే పెద్ద కాలనీ తెరిచిండ్రు. కొండ మీద దాదాపు వెయ్యి ఫ్లాట్లు. పాత మురికివాడ తీసేసిన చోట కట్టిండ్రు. ప్రతి మూడు అంతస్తులకు ఒక వెడల్పాటి వరండా. పాలబండి దాని మీద ఇంటి గుమ్మం దాకా వచ్చేది. పాత వాడలో పక్కపక్కన ఉన్నోళ్లను ఇక్కడ కూడా పక్కపక్కనే ఉంచే ప్రయత్నం చేసిండ్రు. వరండాలకు పాత సందుల పేర్లే పెట్టిండ్రు. ఇల్లు మారినా మొహల్లా మారొద్దన్న ఆలోచన అది.

తర్వాత ఉక్కు పని తగ్గింది, రిపేర్లు ఆగినయ్, పేరు చెడింది. 1998లో దాన్ని వారసత్వ కట్టడంగా గుర్తించిండ్రు కాబట్టి కూల్చలేదు. ఒక ప్రైవేట్ కంపెనీతో కలిసి బాగుచేసిండ్రు. ఇప్పుడది రంగురంగులుగా, అందంగా ఉంది. కానీ అందులో పేదలకు తక్కువ అద్దెకు ఇచ్చే ఇళ్లు బాగా తగ్గిపోయినయ్. బిల్డింగ్ మిగిలింది, పాత మనుషులు చాలామంది మిగలలేదు.

మన పట్నాల్లో కూడా పాత క్వార్టర్లు కూల్చి కొత్తవి కట్టాలన్న మాట, మూతపడ్డ గనుల భూములు వేరే పనికి వాడాలన్న మాట వింటూనే ఉంటం. అట్లాంటి మాట వచ్చినప్పుడు అడగాల్సినవి రెండు. ఉన్నోళ్లను ఒక్కదగ్గరే ఉంచుతరా, చెల్లాచెదురు చేస్తరా? కొత్త ఇంటి కాగితం ఎవరి పేరు మీద ఉంటది?

మన చేతిలో ఉన్న కాగితం ఏది?

ఇక అసలు విషయం. మన ఇంట్లో బీరువా తీసి చూడండి. ఈ కింద చెప్పిన వాటిలో ఏది ఉందో చూసుకోండి.

మొదటిది, క్వార్టర్ అలాట్‌మెంట్ ఆర్డర్. ఇది ఉద్యోగం ఉన్నన్ని రోజులు ఉండనిచ్చే అనుమతి. ఎన్నేళ్లున్నా ఇల్లు మనది కాదు. రిటైరయ్యాక ఖాళీ చేయకపోతే గ్రాట్యుటీ దగ్గర ఇబ్బంది వస్తది. 2005లో ఓఎన్‌జీసీ కేసులో సుప్రీంకోర్టు, టైముకు క్వార్టర్ ఖాళీ చేయని ఉద్యోగి విషయంలో కంపెనీ వైపే తీర్పు ఇచ్చింది. అందుకే లెక్క ముందే వేసుకోవాలె. ఉదాహరణకు బయట నెలకు 4 వేల కిరాయి ఉందనుకోండి. 30 ఏళ్లకు అది 14 లక్షల 40 వేలు. క్వార్టర్ వల్ల మిగిలిన ఆ సొమ్ములో సగమైనా జాగా కోసం పక్కన పెట్టినోళ్లు రిటైర్మెంట్ రోజున నిలబడ్డరు. పెట్టనోళ్లు మా నానా లెక్క కిరాయి ఇంటికి పోయిండ్రు.

రెండోది, స్టాంపు కాగితం లేదా నోటరీ కాగితం. బస్తీల్లో అమ్మకాలు ఎక్కువగా దీని మీదనే జరుగుతయ్. చట్టం ప్రకారం వంద రూపాయల విలువ దాటిన స్థిరాస్తి అమ్మకం రిజిస్టర్ కావాల్సిందే. నోటరీ ముద్ర ఎంత పెద్దగా ఉన్నా అది హక్కు ఇవ్వదు. పైగా అమ్మినాయనకే హక్కు లేనప్పుడు మనకు ఏం వస్తది? అయినా ఆ కాగితం పారేయొద్దు. ఎప్పటి నుంచి కబ్జాలో ఉన్నమో చెప్పడానికి పనికొస్తది.

మూడోది, ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు. ఇవి ఉంటున్నట్టు రుజువు, ఓనర్ అని రుజువు కాదు. పట్టా దరఖాస్తులో మాత్రం ఇవే ప్రాణం. పాత రసీదులు ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచండి, ఫోటో తీసి ఫోన్‌లో కూడా ఉంచుకోండి. మా దాదా రసీదులన్నీ కుట్టు మిషన్ సొరుగులో పెట్టేటోడు. 1990లకు ముందువి చెదలు తిన్నయ్.

నాలుగోది, పట్టా. తెలంగాణ వచ్చిన తర్వాత 2014 డిసెంబర్‌లో జీవో 58, 59 వచ్చినయ్. అభ్యంతరం లేని ప్రభుత్వ భూమిలో ఇల్లు కట్టుకుని ఉన్న పేదలకు 125 గజాల దాకా ఉచితంగా, మిగతా వాళ్లకు డబ్బు కట్టించుకుని క్రమబద్ధీకరించడం వాటి ఉద్దేశం. సింగరేణి భూముల్లో ఉన్న ఇళ్లకు జీవో 76 కింద పట్టాలు ఇచ్చిండ్రు. పట్టా చేతికి రాగానే మూడు చూసుకోవాలె. పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందా? మన పేర్లు "షేక్", "ఎండీ", "మొహమ్మద్" అని మూడు రకాలుగా రాసుంటయ్, తర్వాత అదే తలనొప్పి. కొలతలు, హద్దులు సరిగ్గా ఉన్నయా? అమ్ముకోవడానికి వీలుందా? పేదలకు ప్రభుత్వం ఉచితంగా అసైన్ చేసిన భూములు, ఇంటి స్థలాలు అమ్మడాన్ని 1977 చట్టం నిషేధించింది. అట్లాంటి పట్టా ఉన్న జాగాను నోటరీ మీద కొనుక్కోవడం అంటే డబ్బు నీళ్లల్లో పోసినట్టే.

ఐదోది, రిజిస్టర్ అయిన సేల్ డీడ్. ఇది ఉన్నా, కొనే ముందు ఈసీ తీయించి, లింకు డాక్యుమెంట్లు చూసుకోవాలె.

పట్టా ఎందుకింత ముఖ్యం అంటే, 2024 మార్చిలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకంలో 5 లక్షల సాయం మొదట సొంత జాగా ఉన్నోళ్లకే. కాగితం లేని జాగాలో ఎన్నేళ్లున్నా ఆ వరుసలో నిలబడలేం. ఒక కాగితం లేకపోతే ఇంకో పథకం పోతది.

గని కోసం ఇల్లు పోతుంటే?

ఓపెన్‌కాస్ట్ కోసం ఊరు లేపాల్సి వస్తే పట్టాదారుకే హక్కు ఉంటదని చాలామంది అనుకుంటరు. 2013 భూసేకరణ చట్టం అట్ల చెప్పదు. భూమి లేకపోయినా, మూడేళ్ల ముందు నుంచి అక్కడే పనిచేస్తూ, ఆ పనే ప్రధాన బతుకుదెరువైన కూలీలు, కిరాయిదార్లు, చేతిపని వాళ్లు కూడా "ప్రభావిత కుటుంబం" కిందికి వస్తరు. బొగ్గు కోసం 1957 చట్టం కింద భూమి తీసుకున్నా, ఈ పునరావాస నియమాలు 2015 నుంచి వర్తిస్తయ్. అంటే ఆ ఊళ్లోని దర్జీకి, పంక్చర్ షాపు ఆయనకూ మాట్లాడే హక్కు ఉంది. సర్వే వాళ్లు వచ్చిన రోజు ఇంటికి తాళం వేసి ఉండొద్దు. పేరు లిస్టులో ఎక్కిందా లేదా గ్రామసభలోనే చూసుకోవాలె.

విరాసత్ విషయం

రెవెన్యూ ఆఫీసుల్లో వారసుల పేరు ఎక్కించడాన్ని విరాసత్ అంటరు. మాట మనదే, పని మాత్రం మనం ఆలస్యం చేస్తం. ఇంటి పెద్ద పోయాక పన్ను రసీదు ఆయన పేరు మీదనే పదేళ్లు నడుస్తది. ఆ తర్వాత అన్నదమ్ములు పంచుకుంటరు, అక్కచెల్లెళ్లను సంతకం పెట్టమంటరు. పిల్లలుంటే భార్యకు ఎనిమిదో వంతు, కొడుకు వాటాలో సగం కూతురికి. ఇది మన షరియత్‌లో ఉన్న లెక్క, కోర్టు ఒప్పుకునే లెక్క. ఇల్లు చిన్నదైనా, బస్తీలో ఉన్నా ఈ వాటా పోదు. కాగితం చేసేటప్పుడే ఆడబిడ్డల పేర్లు రాయించుకుంటే రేపు గొడవ ఉండదు.

మా ఇంటి సంగతి చెప్పి ముగిస్తా. పోయిన నెల మేం దాదా సొరుగు మొత్తం ఖాళీ చేసి, మిగిలిన రసీదులు, స్టాంపు కాగితం, కరెంటు బిల్లులు తారీఖుల వారీగా పెట్టినం. ఒక ఫైలు అయింది. నలుగురు పిల్లల పేర్లతో ఒక లిస్టు రాసినం, అందులో ఇద్దరు మేనత్తల పేర్లూ ఉన్నయ్. నానీ పక్కనే కూర్చుని చూసింది. ఎనభై దాటింది ఆమెకు. "మీ నానా క్వార్టర్ నంబర్ నాకు ఇప్పటికీ యాదికుంది బేటా" అన్నది. తర్వాత ఫైలు మీద చెయ్యి పెట్టి, "దీనికి నంబర్ ఎప్పుడొస్తది?" అని అడిగింది.

దరఖాస్తు పెట్టినం అని చెప్పిన.